తలుపు అడుగు అంచు

హైదరాబాదు,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందిన నాలుగు నెలలకు జవాబు రాస్తున్నాను, క్షమించు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నవాడి పరీక్షలు అయిపోయాయి, మేమంతా క్షేమం. మిగతా కబుర్లు తరువాత. మా ఇంటి తలుపులకు నేనే రంగు వేస్తున్నాను. ఆ సంగతి నీకు చెప్పేదాకా నాకు మనసు ఆగదు.

మా పూజగది తలుపు నీకు గుర్తుండే ఉంటుంది. ఆషాఢంలో అది ఉబ్బి బిగుసుకుపోతే నీవు భుజంతో నెట్టి తెరిచి, "స్వామివారికి వానాకాలం సెలవులు" అన్నావు. అమ్మ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని నవ్వుతుంది. ఈ జులైలో మళ్ళీ బిగుసుకుంటే గట్టిగా లాగాను. ద్వారబంధానికి అతుక్కున్న రంగు అరచేయంత పెచ్చుగా లేచి వచ్చింది. పైన పసుపెక్కిన తెలుపు, దాని వెనుక గోధుమ రంగు. పెచ్చు ఊడిన చోట మాత్రం నాన్నగారు వేయించిన ఆకుపచ్చ చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది. ఆ నునుపు పోయేలా రుద్దకుండా దాని మీదే కొత్త రంగు పూశారు. పట్టు ఎక్కడ దొరుకుతుంది చెప్పు?

ఆ సాయంత్రమే రాణీగంజ్ వెళ్ళి, ఓపికగా చెప్పే ఒక దుకాణదారు దగ్గర గంటసేపు కూర్చున్నాను. ఆయిల్ ఎనామిల్ గట్టిదే, ధర కూడా తక్కువే. కానీ అందులో రంగును పట్టి ఉంచే ఆల్కిడ్ అనే జిగురు వెలుతురు సోకని చోట పసుపెక్కుతుంది. కిటికీ లేని పూజగదిలో మా తెల్ల తలుపు అలా మారడానికి దీపం పొగ ఒక్కటే కారణం అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. నీళ్ళతో కలిపే యాక్రిలిక్ ఎనామిల్ అలా మారదు, వాసన తక్కువ, త్వరగా ఆరుతుంది. అయితే పైకి ఆరినా లోపల పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఈలోగా తలుపు బిగించి మూస్తే రంగుకు రంగు అతుక్కుంటుంది. అన్నీ ఆలోచించి దీనినే, సాటిన్ అనే సన్నని మెరుపులో తీసుకున్నాను. అద్దంలా మెరిసే గ్లాసీ రకం అయితే చెక్కలోని ప్రతి గుంటనూ ఎత్తి చూపుతుంది.

ఇక్కడ నీకొక మాట గట్టిగా చెప్పాలి, మీదీ పాత ఇల్లే కాబట్టి. ఇంటి రంగుల్లో విషమైన సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, మించరాదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన పొరల్లో ఎంత ఉందో ఎవరికి తెలుసు? పొడిగా రుద్ది దుమ్ము లేపవద్దు. నేను పిల్లలను అత్తవారింటికి పంపి, ముఖానికి మంచి మాస్కు పెట్టుకుని, వాటర్ పేపరుతో, అంటే నీళ్ళలో తడిపి వాడే గరుకు కాగితంతో, తడిపి రుద్ది, ఆ బురదనంతా గుడ్డతో ఎత్తివేశాను.

అసలు సంగతి ఇప్పుడు. మడతబందుల నుంచి తలుపు ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టాను. అడుగు అంచు చూసి నిలబడిపోయాను. దాని మీద ఒక్క చుక్క రంగు లేదు! ముప్పై ఏళ్ళుగా పచ్చి చెక్క, నల్లబడి, గోరు గుచ్చితే దిగేలా మెత్తబడి ఉంది. నేల కడిగిన ప్రతిసారీ, వాన గాలి వీచిన ప్రతిసారీ తలుపు అక్కడి నుంచే తేమ తాగి ఉబ్బింది. మనం ముఖానికి ఎన్ని కోట్లు వేస్తే ఏం? నాన్నగారు ప్రతి ఏడూ వడ్రంగిని పిలిపించి పక్క అంచు చిత్రిక పట్టించేవారు. ఆయన ఉన్నప్పుడే ఈ తలుపును ఒక్కసారి తిరగేసి ఉంటే... సరే, పోనీ.

మెత్తబడిన చెక్క గీకివేసి, వారం ఆరనిచ్చి, లప్పం పెట్టి, పై అంచుకూ అడుగు అంచుకూ రెండేసి సార్లు ప్రైమరు పట్టించాను. ఈ ఉదయం మొదటి కోటు వేశాను. పల్చగా, చెక్క గీత వెంట. చిన్నవాడు అప్పుడే తాకబోయాడు, నేను...

రెండో కోటుకు డబ్బా మీద రాసిన నాలుగు గంటలూ అయిపోయాయి. చీకటి పడకముందే ముగించాలి, లేస్తున్నాను. నీవు మాత్రం మీ స్నానాలగది తలుపు కింద వేలు పెట్టి తడిమి, చెక్క తగిలిందో రంగు తగిలిందో వెంటనే రాయి.

నీ
మిత్రుడు