పరిశీలకుడంటే మనసు కాదు

సంపాదకులకు,

మనం చూస్తేనే విశ్వం ఉంటుందని క్వాంటం శాస్త్రం తేల్చేసిందన్న మాట ప్రసంగాల్లో తరచూ వినిపిస్తోంది. అది పొరపాటు. 2004లో వియన్నాలో భౌతికశాస్త్రవేత్త సైలింగర్ బృందం 70 కార్బన్ పరమాణువులుండే సి-70 అణువులను లేజరుతో వేడిచేసి సన్నని జాలీల గుండా పంపింది. వేడి తక్కువున్నప్పుడు తరంగాల చారలు స్పష్టంగా పడ్డాయి. 3,000 కెల్విన్ దగ్గరికొచ్చేసరికి చెరిగిపోయాయి. కొలిమిలో ఇనుము ఎర్రబడినట్టే ఆ అణువులూ కాంతిని వెదజల్లాయి, తామున్న చోటు జాడ దాంతో బయటికి పోయింది, అందుకే చారలు చెరిగాయి. ఆ కాంతిని ఏ కన్నూ చూడలేదు!

ప్రతి కొలతలో సాధ్యమైన ఫలితాల్లో ఒక్కటే ఎందుకొస్తుందో మాత్రం ఇంకా తేలలేదు. గణిత భౌతికశాస్త్రవేత్త పెన్‌రోజ్ దాన్ని గురుత్వానికీ, స్పృహకు మూలమని తాను భావించే నాడీకణాల్లోని 25 నానోమీటర్ల మందం గొట్టాలకూ ముడిపెట్టారు. మెదడు వేడిలో ఆ గొట్టాల క్వాంటం స్థితి సెకనులో 10 లక్షల కోట్లవ వంతే నిలుస్తుందని మరో భౌతికశాస్త్రవేత్త టెగ్‌మార్క్ లెక్క. నాడీ స్పందనకు మిల్లీసెకన్లు కావాలి, అంతసేపు ఆ స్థితి నిలవదన్నమాట.

దయచేసి ఇలాంటి వార్తల్లో ‘చూడటం’ బదులు ‘పరిసరాల తాకిడి’ అని రాయండి.

– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు