అద్దం అవతల నుంచి అమ్మతో మాట్లాడిన అమ్మాయికి

అమ్మకు జ్వరం రాక ఇవాళ్టికి ఆరో రోజు. ఇప్పటికీ అర్ధరాత్రి లేచి నుదురు తాకి చూస్తూనే ఉన్నాను. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, అయినా ఇది ఇప్పుడే రాయాలి.

52 రోజులు. సాయంత్రమైతే వణుకు, 102 జ్వరం. టైఫాయిడ్ కాదు, మలేరియా కాదు, డెంగీ కాదు. బ్లడ్ కల్చర్లలో ఏ క్రిమీ పెరగలేదు. గుండె ఎకో, పొట్ట స్కానింగ్ అన్నీ బాగున్నాయన్నారు. ఒంట్లో వాపుంటే పెరిగే ఈఎస్ఆర్ అనే రక్తపరీక్ష ఒక్కటే 110, చాలా ఎక్కువ. రిపోర్టులన్నీ బాగుంటే మనిషి తొమ్మిది కిలోలు ఎట్లా తగ్గిందో చెప్పినవాళ్ళు లేరు. ఒకచోట టీబీ మందులు మొదలుపెడదామన్నారు, ఇంకోచోట స్టెరాయిడ్ వేసి చూద్దామన్నారు. హైదరాబాద్‌లో చూసిన డాక్టరుగారే ఆపారు. "ముందు పెట్ సీటీ తీద్దాం, ఒంట్లో వాపు ఎక్కడుందో చూపించే స్కాన్ అది. స్టెరాయిడ్ పడితే వాపు అణిగి అసలు రోగం దాక్కుంటుంది" అన్నారు. ఆయనకు చేతులెత్తి దండం.

తెల్లవారుజామున కోదాడలో కారెక్కి, పరగడుపున స్కాన్‌కు వెళ్ళాం. అక్కడ చూస్తే అమ్మ షుగర్ 214. 200 లోపు ఉండాలట. ఎక్కించే మందు కూడా ఒకరకం చక్కెరే, దానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలిస్తారు. వాపున్నచోట కణాలు దాన్ని ఎక్కువగా లాక్కుని స్కాన్‌లో మెరుస్తాయి. ఒంట్లో షుగర్ ఎక్కువుంటే అదే అడ్డం పడుతుంది. రేపటికి దాచుదామన్నా కుదరదు, ఆ మందు 110 నిమిషాలకోసారి సగమైపోతుంది. నా కాళ్ళల్లో సత్తువ పోయింది. టెక్నీషియన్ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, మా వెనకున్న ఇద్దరిని ముందు పంపించి, అమ్మకు నీళ్ళు తాగించి, గంటన్నర ఆగి మళ్ళీ చూసింది. 183.

ఇంజెక్షన్ అయ్యాక గంటసేపు గదిలో ఒక్కతే పడుకోవాలి. కదలకూడదు. మాట్లాడకూడదు, మాట్లాడితే గొంతు కండరాలు కూడా మెరుస్తాయట. రేడియేషన్ కాబట్టి మమ్మల్ని రానివ్వరు. నాన్న ఆస్పత్రిలోనే పోయారు. అప్పటి నుంచి అమ్మకు ఆస్పత్రి గదిలో ఒంటరిగా ఉండాలంటే ప్రాణం పోయినట్టే. ఆ సంగతి నేను ఆ అమ్మాయికి ఒక్కమాట చెప్పానంతే.

గంటసేపూ మైకులో అమ్మను పలకరిస్తూనే ఉంది. "పెద్దమ్మా, మీరు పలకొద్దు. వినబడితే ఒక్క వేలు కదపండి, నాకు కెమెరాలో కనిపిస్తుంది." ఇంకొకరికి స్కాన్ చేసి వచ్చి మళ్ళీ, "ఇంకో ఇరవై నిమిషాలే పెద్దమ్మా." తలుపు సందులోంచి టీవీలో దుప్పటి మీద అమ్మ వేలు లేవడం చూశాను. 52 రోజుల్లో ఏడవని ఏడుపంతా అక్కడే ఏడ్చాను. తల్లీ, మాస్కులో నీ మొహం సగమే చూశాను. పేరు కూడా అడగలేదు. అమ్మ ఇప్పుడు కూడా "ఆ పిల్ల తిన్నదో లేదో" అంటోంది.

గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, భుజాలకు పోయే కొమ్మలు కాలేయం కంటే ఎక్కువ మెరిశాయి. రక్తనాళాల గోడల వాపు. భుజాలు లాగుతున్నాయని అమ్మ అంటుంటే మేం వయసనుకున్నాం. స్టెరాయిడ్ మొదలైన రెండోరోజుకే జ్వరం దిగింది.

అన్నయ్య, వదిన, మా ఆయన సరేసరి.

ఒక్క బాధ మాత్రం చెప్పాలి. స్కాన్ డబ్బులు ఇవ్వబోమంది మా ఇన్సూరెన్స్ కంపెనీ. "పరీక్షల కోసం చేరితే రాదు" అట. రోగమేదో తెలియనప్పుడు పరీక్ష కాక ఇంకేం వైద్యం చేస్తారు? పుస్తెలతాడు కుదువపెట్టే తాహతు కూడా లేనివాళ్ళు జ్వరంతో అట్లాగే ఉండిపోవాలా?

అయ్యో, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళిన ల్యాబ్ తమ్ముడు, నీకు కూడా థ్యాంక్స్. ఎన్నిసార్లు గుచ్చినా అమ్మ నిన్నేమీ అనలేదు. తెల్లవారకముందే కారు తీసిన డ్రైవర్ అన్నకు. మేం లేని రోజుల్లో మా గేదెకు నీళ్ళు పెట్టిన పక్కింటి అత్తమ్మకు. షుగర్ దిగేదాకా తమ నంబరు మార్చుకున్న ఆ ఇద్దరికి కూడా, వాళ్ళ రిపోర్టులు బాగా వచ్చి ఉండాలి.