మన దిక్కు దవాఖానోళ్లందరు ఒక్కకాడ కూసున్నరు రా

అరేయ్ దోస్త్,

ఎట్లున్నవ్ రా? మంచిర్యాలల కొత్త డ్యూటీ అలవాటైందా, అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గినయా? ఫోన్ల చెప్తె ఒడువది అని రాస్తున్న, టీ తాక్కుంట చదువు.

మొన్న ఆదివారం మా సార్‌తోని హన్మకొండల ఒక మీటింగ్‌కు పోయిన. సర్కార్ దవాఖానల సూపరింటెండెంట్లు, ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌ల డాక్టర్లు అందరు ఒక్క హాల్‌ల కూసున్నరు రా, గిట్ల కూసునుడు నేనైతే ఎన్నడు చూడలే. రాష్ట్రం వైద్య పాలసీల ఏమేం ఉండాల్నో మన దిక్కు నుంచి ఒక్క కాగితం రాసి హైదరాబాద్ పంపుదామని. నేను ఆరోగ్యశ్రీ కౌంటర్‌ల కూసునేటోన్ని కదా, క్లెయిమ్ ఫైళ్లు పట్టుకొని ఎనుక కుర్చీల కూసున్న.

మొదలు గంటసేపు సర్కార్ దవాఖానలకు ఇయ్యాల్సిన ఆరోగ్యశ్రీ బకాయిల ముచ్చటే. అది తప్పని నేననను. 2023 డిసెంబర్‌ల ఆరోగ్యశ్రీ లిమిట్ 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిండ్రు, మస్తు మంచి పని, కానీ బిల్లు టైమ్‌కు రాకుంటె చిన్న దవాఖానల నర్సులకు జీతాలు ఏడికెల్లి ఇస్తరు? 2025 సెప్టెంబర్‌ల ప్రైవేటోళ్లు ఆరోగ్యశ్రీ బంద్ పెట్టినప్పుడు ఆపరేషన్ డేట్ పట్టుకొని వచ్చినోళ్లకు జవాబు చెప్పింది నేనే, ఆ మొఖాలు ఇంకా యాదికొస్తయి.

అప్పుడు ఏజెన్సీ దిక్కు నుంచి వచ్చిన ఒక మేడమ్ లేసింది. "నేను రిఫర్ చేసిన పేషెంట్ మీకాడికి చేరిండా, బతికిండా అని నాకు ఎవ్వలు చెప్పరు సార్" అన్నది, గంతే. హాల్ల ఎవ్వలు మాట్లాడలే.

నాకైతే పోయిన వానాకాలం గుర్తొచ్చింది. ఏటూరునాగారం అవుతల నుంచి ఒకామె భర్తను తీస్కొచ్చింది, ఇంచుమించు వంద కిలోమీటర్లు. రిఫరెన్స్ చిట్టీ ఎరువుల బస్తా లోపలి కవర్ల చుట్టి కొంగుకు ముడేసుకున్నది, అయినా తడిసింది. పెన్ను సిరా అంత కారిపోయి "గుండె", "అర్జెంట్" అన్న రెండు ముక్కలే కనవడ్డయ్. ఏ సూది ఇచ్చిండ్రో, ఎన్ని గంటలకు ఇచ్చిండ్రో తెల్వది. మాకాడికి రాకముందే రెండు చోట్ల బెడ్ లేదని మర్లగొట్టిండ్రట. ప్రాణమైతే దక్కింది రా, కానీ తిరిగిన ఆ మూడు గంటలు ఒక్క ఫోన్‌తోని మిగిలేటియి.

టీ అయినంక అసలు ముచ్చట నడిచింది. పంపే డాక్టర్ ముందుగాల ఫోన్ చెయ్యాలె, బెడ్ ఉన్నదని అవుతలోళ్లు చెప్పినంకనే 108 కదలాలె, చిట్టీ ఫోటో పేషెంట్ కంటె ముందు చేరాలె. ఒక పెద్ద డాక్టర్, రాత్రిపూట ఫోన్ ఎవరెత్తుతరు, దానికి మనిషిని పెడ్తె జీతం ఎవరిస్తరు అని గట్టిగ అడిగిండు. అడగాల్సిన మాటే, అందుకే ఆ ఖర్చు సర్కార్ పాలసీలనే రాయాలె అన్నరు. పైగ ఇప్పుడు ప్రతి కేసు వరంగల్‌కే రావాల్సిన పనిలేదు కదా, 2022ల మహబూబాబాద్, 2023ల జనగామ, భూపాలపల్లి, 2024ల ములుగు, నర్సంపేట మెడికల్ కాలేజీలు వచ్చినయ్. ఎవరికాడ ఏ డాక్టర్ ఉన్నడో అందరికి తెలిస్తె సగం తిరుగుడు తప్పుతది.

నాకు అన్నిట్లకెల్లి నచ్చిందేందంటె, వాపస్ చిట్టీ. ఆరోగ్యశ్రీల డిశ్చార్జ్ అయినంక 10 రోజుల గోలీలు ఇస్తం కదా, పదకొండో రోజు ఏంది? స్టెంట్ వేసుకున్నాయన గోలీలు ఒడిసినయని బంద్ పెడ్తె మళ్ల ప్రాణం మీదికే వస్తది. ఊరి పీహెచ్‌సీ డాక్టర్‌కు మనం రాసి పంపితె ఆ గోలీలు ఆడనే దొరుకుతయి, బస్ కిరాయి పెట్టుకొని మాకాడికి రావాల్సిన అక్కర లేదు. నేను ఎనుక నుంచి చెయ్యి లేపి ఇదే చెప్పిన రా, చెప్తాంటె గొంతు వణికింది, అయినా మా సార్ రాసుకున్నడు.

కాగితం ఇంకా పూర్తి కాలే. మీ దవాఖానకెల్లి కరీంనగర్, వరంగల్ పంపిన కేసులల్ల ఎన్ని తడబడ్డయో, పేర్లు లేకుంట, జెర రాసి పంపు. శుక్రవారం లోపట నా చేతికి రావాలె, శనివారం సార్ ఫైనల్ చేస్తడు.

నీ దోస్త్