తెరచాప పందేల కన్నా గుంపు ప్రయాణాలకే జాగ్రత్త ఎక్కువ

సంపాదకులకు,

యాట్ (తెరచాప పడవల) క్లబ్బుల్లో సీజన్ మొదలైతే అందరి ధ్యాసా పందేల మీదే. కానీ పొరపాట్లు ఎక్కువగా జరిగేది పలు పడవలు కలిసి వెళ్లే గుంపు ప్రయాణాల్లో. అన్నిటికన్నా నెమ్మదైన పడవను బట్టే సమయం లెక్కకట్టాలి: 20 నాటికల్ (సముద్ర) మైళ్లకు 4 నాట్ల వేగంతో, అంటే గంటకు 4 నాటికల్ మైళ్ల చొప్పున, 5 గంటలు. ఎదురుగాలైతే అటూ ఇటూ మళ్లుతూ పోవాలి కాబట్టి ఇంకా ఎక్కువే. గాలి ముదరకముందే పెద్ద తెరచాపను కొంత మడిచి కట్టాలి. ఆలస్యమైతే పడవ బాగా ఒరిగి, చుక్కాని నీటిలో పట్టు తప్పి, పడవ దానంతటదే గాలికి ఎదురు తిరుగుతుంది.

సరదా పందెమైనా ఆరంభానికి 5, 4, 1 నిమిషాల ముందు సంకేతాలు ఇవ్వాల్సిందే. కుడివైపు నుంచి గాలి అందుకునే పడవకు, ఎడమవైపు నుంచి అందుకునేది దారివ్వాలి. ‘స్నేహపూర్వకమే కదా’ అని ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకుంటే పడవలు ఢీకొంటాయి. ఎవరెళ్లారో, ఎవరొచ్చారో ఒడ్డున రాసుకునే మనిషి తప్పనిసరి.

ఇట్లు,
ఒక పాఠకుడు