పరభాషను తెలుగు అక్షరాల్లో రాసి నేర్పొద్దు

సంపాదకుల వారికి,
నమస్కారం.

విదేశీ భాషలు నేర్పుతామంటూ తెలుగులో వస్తున్న పుస్తకాల్లోనూ, పత్రికల చదువుల పేజీల్లోనూ ఒక పద్ధతి పాతుకుపోయింది. జర్మన్ మాటైనా, జపనీస్ మాటైనా, అరబిక్ మాటైనా తెలుగు అక్షరాల్లో అచ్చువేసి పక్కన అర్థం ఇచ్చేస్తారు. అసలు లిపి ఉంటే చివర్లో ఒక పట్టికగా ఉంటుంది, లేకపోతే అదీ ఉండదు. దీంతో చదువరికి మొదటి వారం హాయిగా గడుస్తుంది. రెండో నెలలో ఎదుటివాడి మాట తనకూ, తన మాట ఎదుటివాడికీ అర్థం కాదు. అప్పటికి నోరు ఒక దారికి అలవాటు పడిపోయి ఉంటుంది. దాన్ని మళ్లించడం కొత్తగా నేర్పడం కంటే చాలా కష్టం. తొలి తరగతులు చెప్పేవాళ్లుగా మాకు ఇది నిత్యం ఎదురయ్యేదే కాబట్టి వివరంగా రాస్తున్నాం.

ఇబ్బంది ఎక్కడ వస్తుందో చూడండి. అరబిక్‌లో గుండెకూ కుక్కకూ ఉన్న మాటలు రెండింటినీ తెలుగులో రాస్తే ‘కల్బ్’ అనే రాయాలి. గుండె అనే మాటలోని క నాలుక మొదలు కొండనాలుకకు తగిలి పుడుతుంది. రెండోది మన క లాంటిదే. అంజూరపండుకూ బంకమన్నుకూ ఉన్న మాటలు కూడా మన అక్షరాల్లో ‘తీన్’ ఒక్కటే. బంకమన్నును కొందరు ‘టీన్’ అని రాసి వేరుచేస్తారు, అది ఇంకా తప్పు. నాలుక కొనను మడవకూడదు. కొన పళ్ల దగ్గరే ఉంటుంది, నాలుక వెనక భాగం గొంతువైపు లాగినట్టు పైకి లేస్తుంది, దాంతో పక్కనున్న అచ్చు గంభీరమవుతుంది. (ఈ ఉత్తరంలో ఉదాహరణలు తెలుగు అక్షరాల్లో ఇవ్వక తప్పలేదు. వాటిని గుర్తులుగానే తీసుకోవాలి, ఉచ్చారణగా కాదు.)

తెలుగు అక్షరం వద్దంటున్నాం గానీ తెలుగు చదువు వద్దనడం లేదు. చిన్నప్పుడు బళ్లో చెప్పిన కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు చాలామంది పరీక్షయ్యాక మరిచిపోతారు. విదేశీ భాష మొదలుపెట్టినప్పుడు అక్కరకొచ్చేవి అవే. నాలుక ఎక్కడ తగులుతోంది, ఊపిరి ఎంత వదులుతున్నాం, గొంతు మోగుతోందా లేదా, పెదవులు గుండ్రంగా ఉన్నాయా సాగి ఉన్నాయా? కొత్త ధ్వని ఎదురైన ప్రతిసారీ ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది.

అందరూ చేసే తప్పు త, ట లది. ఇంగ్లీషు వాళ్లు ఆ ధ్వనిని పై పళ్ల వెనకున్న చిగురు మీద పలుకుతారు. మన చెవికి అది ట లాగా వినిపిస్తుంది. అందుకే ఏ దేశపు మాటైనా ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ట, డ పెట్టేస్తాం. ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్, రష్యన్, జపనీస్ భాషల్లో నాలుక కొన పళ్లకే తగులుతుంది. అంటే అవి అచ్చమైన మన త, ద లే. తెలుగు పత్రికలు ‘పుతిన్’ అని రాస్తున్నాయి, అది సరైనదే. జపాన్ రాజధానిని మాత్రం ‘టోక్యో’ అంటున్నాయి. అక్కడివాళ్లు పలికేది ‘తోక్యో’కు దగ్గర. త ధ్వని మనకు పుట్టుకతో వచ్చింది. దాన్ని పక్కనపెట్టి ట తో కుస్తీ పట్టడం వృథా శ్రమ.

ఊపిరి సంగతి ఇంకా లోతైనది. చైనీస్‌ను రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతి 1958లో అమల్లోకి వచ్చింది. అందులో ‘బి’ అక్షరం చూడగానే మనవాళ్లు బ అంటారు. అక్కడ గొంతు మోగదు. అది ఊపిరి లేని ప. ‘పి’ అని రాసేది ఊపిరితో పలికే ప, అంటే ప వర్గంలో ఒత్తున్న రెండో అక్షరం. ఆ ఒత్తక్షరాన్ని ఇప్పుడు చాలామంది ‘ఫ్యాన్’లో లాగా కింది పెదవిని పళ్లకు ఆనించి పలుకుతున్నారు. కాబట్టి పుస్తకంలో ‘ఫ’ అని అచ్చువేస్తే ఏ ధ్వని అనుకోవాలో చదివేవాడికి తెలియదు. పిన్‌యిన్‌లో ‘ఎస్ హెచ్’ అని రాసేది మన ష కు దగ్గర, ‘ఎక్స్’ అని రాసేది శ కు దగ్గర. ష, శ లను వేరుగా పలికే అలవాటు ఉన్నవాళ్లకు ఇక్కడ సగం పని తగ్గుతుంది. రెండింటినీ కలిపేసే అలవాటుంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

కొరియన్‌లో ఈ ఊపిరి మూడు మెట్లుగా ఉంటుంది. చంద్రుడు, కూతురు, ముసుగు: ఈ మూడింటికీ ఉన్న మాటలు మన లిపిలో ‘తల్’ దగ్గరే ఆగిపోతాయి. మనం మామూలుగా ‘తల్’ అంటే కొరియన్ వ్యక్తికి కూతురు అన్నట్టు వినిపిస్తుంది. ఎందుకంటే ఊపిరి లేని మన శుద్ధమైన త వాళ్ల బిగువు ధ్వనికి దగ్గర. చంద్రుడికి కొద్దిగా ఊపిరి వదలాలి, స్వరం కిందినుంచి ఎత్తుకోవాలి. ముసుగుకు గట్టిగా ఊపిరి, స్వరం పైన. సన్నటి కాగితం ముక్కను పెదవులకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని మూడూ పలకండి. కూతురు దగ్గర కాగితం కదలకూడదు, చంద్రుడి దగ్గర కొద్దిగా ఊగాలి, ముసుగు దగ్గర ఎగరాలి. మూడూ ఒకేలా కదిలితే ఊపిరి తేడా ఇంకా రాలేదన్నమాట.

అచ్చుల్లో జర్మన్, ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లను ఏడిపించేది రెండు చుక్కల ‘యు’. దీన్ని తెలుగులో కొందరు ‘యూ’ అని, కొందరు ‘ఊ’ అని రాస్తారు. రెండూ కావు. పలికే తీరు ఇది: ‘ఈ’ అని సాగదీస్తూ ఉండండి, నాలుకను అంగుళం కూడా కదపకండి, పెదవుల్ని మాత్రం ఈల వేసేటట్టు ముందుకు గుండ్రంగా తెండి. వచ్చేదే ఆ అచ్చు. ఇదే పని ‘ఏ’తో చేస్తే జర్మన్‌లో రెండు చుక్కల ‘ఓ’ వస్తుంది. పెదవులు గుండ్రం కాగానే నాలుక తెలియకుండా వెనక్కి జారిపోతుంది, తప్పు జరిగేది అక్కడే. అద్దం ముందు కూర్చుని, మధ్యమధ్యలో పెదవుల్ని మళ్లీ సాగదీసి చూడండి. ‘ఈ’ వెంటనే వినిపిస్తే నాలుక చోటు మారలేదన్నమాట. ఫ్రెంచ్‌లో రెండు చుక్కలు లేకుండానే ‘యు’ ఈ ధ్వని ఇస్తుంది. ‘పైన’, ‘కింద’ అనే మాటల మధ్య తేడా ఈ ఒక్క అచ్చే. అదే భాషలో ముక్కుతో పలికే అచ్చుల చివర న్ చేర్చడం మరో అలవాటు. మాట ముగిసేసరికి నాలుక కొన ఎక్కడా తగలకూడదు. తగిలిందంటే న్ వచ్చి చేరినట్టే.

మన నోటికి మాట చివర పొల్లు నిలవదు. బస్‌ను బస్సు, కార్‌ను కారు చేసుకున్న నోరు కదా. జర్మన్ మాటల చివర కూడా చిన్న ‘ఉ’ తగిలిస్తాం. చివరి హల్లు పలికాక గొంతు మోగడం ఆపి, నోరు ఆ భంగిమలోనే ఒక్క క్షణం ఉంచితే ఇది పోతుంది. పైగా జర్మన్‌లో మాట చివరి బ, డ, గ లు ప, ట, క ల్లాగా మారతాయి. అందుకే చక్రం, సలహా అనే మాటలు స్పెల్లింగ్‌లో వేరైనా ఉచ్చారణలో ఒక్కటే. కొరియన్‌లో మాట చివరి క, త, ప లను మూసిపెట్టి వదలకుండా ఉంచాలి. వదిలితే అక్షరం ఒకటి పెరిగినట్టు వినిపిస్తుంది.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. జపనీస్‌లో ‘ఒబసన్’ అంటే అత్తో పిన్నో, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మో నానమ్మో. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే తపాలా బిళ్ల. హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ ఉగ్గుపాలతో వచ్చినవాళ్లకు ఇది చిటికెలో పని. పైగా వాళ్ల అక్షరాల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. సంస్కృత వర్ణక్రమం ప్రభావంతో ఏర్పడిన వరుస అది. కొరియన్‌లో ‘హన్‌గుక్’ (కొరియా)కు ‘మల్’ (భాష) చేరితే క్ పోయి ‘హన్‌గుఙ్‌మల్’ అవుతుంది. వాక్కుకు మయం చేరితే వాఙ్మయం అయినట్టే. నియమాల పట్టిక బట్టీ పట్టేకంటే మన సంధిని గుర్తు చేసుకోవడం మేలు.

ఇక లిపి. కొరియన్ లిపిని సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించాడు. ఇప్పుడు మూల హల్లులు 14, మూల అచ్చులు 10. క అక్షరం నాలుక మొదలు గొంతును మూసే తీరును, న అక్షరం నాలుక కొన పైకి తగిలే తీరును చూపిస్తాయి. ఈ సంగతి చెప్పి నేర్పితే రోజుకు అరగంట చొప్పున ఐదారు రోజుల్లో చదవడం వచ్చేస్తుంది. జపనీస్‌లో రెండు అక్షరమాలలు: హిరగానాలో 46, కతకానాలో 46 మూల అక్షరాలు. వీటికి మూడు వారాలైనా ఇవ్వాలి. కతకానాలో ‘షి’, ‘త్సు’ ఒకేలా కనిపించి అందర్నీ బోల్తా కొట్టిస్తాయి. ‘షి’లో రెండు చిన్న గీతలు ఎడమపక్కన ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడుగు గీత కిందినుంచి పైకి వెళ్తుంది. ‘త్సు’లో చిన్న గీతలు పైన పక్కపక్కన ఉంటాయి, పొడుగు గీత పైనుంచి కిందికి దిగుతుంది. కంటితో చూసి బట్టీ పడితే నెల తర్వాత కూడా తడబడతారు. గీతలు వేసే క్రమంలో చెయ్యి తిప్పినవాళ్లకు ఈ బాధ ఉండదు.

రష్యన్‌లో 33 అక్షరాలే. చిక్కంతా ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తూ వేరే ధ్వని ఇచ్చేవాటితోనే: పి లాంటిది ర, హెచ్ లాంటిది న, సి లాంటిది స, బి లాంటిది వ. వీటిని మొదటి రోజే విడిగా నేర్పాలి, చివరికి వాయిదా వేయకూడదు. అరబిక్‌లో 28 అక్షరాలు, కుడినుంచి ఎడమకు. అక్షరం మాట మొదట, నడుమ, చివర రూపం మార్చుకుంటుంది, ఆరు అక్షరాలు మాత్రం తమ తర్వాతి దానితో కలవవు. ఆ ఆరూ ముందు నేర్చుకుంటే మాట మధ్యలో ఎందుకు తెగిందో అర్థమవుతుంది. విడి అక్షరాల పట్టిక ఒక్కటే వల్లె వేసినవాళ్లు అచ్చు పేజీ తెరవగానే బిక్కమొహం వేస్తారు. హ్రస్వాల గుర్తులు మామూలు రాతలో ఉండవు కాబట్టి మొదట గుర్తులు పెట్టిన పాఠాలే చదవాలి.

సాధన విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. రోజుకు ఐదు కొత్త అక్షరాలు చాలు. ముందు ఆడియో వినాలి, తర్వాత పలకాలి, ఆ తర్వాతే రాయాలి. ఒక అక్షరాన్ని చూస్తూ యాభైసార్లు దించడం వల్ల చెయ్యి నొప్పి తప్ప లాభం లేదు. విని, చూడకుండా ఐదుసార్లు రాయండి. మర్నాడు కొత్తవి ముట్టుకునే ముందు నిన్నటివి డిక్టేషన్ పెట్టించుకోండి. ఒకేలా అనిపించే జంట మాటల్ని ఎవరితోనైనా కలగాపులగంగా ఇరవైసార్లు వినిపించుకుని ఏది ఏదో చెప్పండి. పదహారైనా సరిగ్గా రాకపోతే తప్పు ఇంకా చెవిలోనే ఉంది, నోటిని తిట్టుకోకండి. చెవికి తేడా తెలిశాక ఫోన్‌లో సొంత గొంతు రికార్డు చేసి, అసలుది ఒకసారి, మీది ఒకసారి, మళ్లీ అసలుది వినండి. ఆ భాష కీబోర్డు మొదటి వారంలోనే ఫోన్‌లో పెట్టుకుంటే రోమన్ అక్షరాల మీద ఆధారపడటం తగ్గుతుంది. నిఘంటువుల్లో వాడే అంతర్జాతీయ ధ్వని లిపిలో నూటికి పైగా గుర్తులున్నా, ఒక భాషకు కొత్తగా నేర్చుకోవాల్సినవి పది పదిహేనే. అవి తెలుగు అక్షరాల రాత కంటే ఎన్నో రెట్లు నమ్మదగ్గవి.

మీ పత్రికకూ, పుస్తకాలు వేసేవాళ్లకూ మా విన్నపం ఇది. విదేశీ మాట అచ్చువేస్తే అసలు లిపిలో వేయండి. పక్కన ఆ భాష మాతృభాషగా గలవారి గొంతు వినిపించే క్యూఆర్ కోడ్ ఇవ్వండి. కింద ఒక్క వాక్యంలో నాలుక, పెదవులు, ఊపిరి సంగతి తెలుగులో రాయండి. తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ ఇవ్వక తప్పదనుకుంటే మొదటి రెండు పాఠాలకే పరిమితం చేసి, మూడో పాఠం నుంచి తీసేయండి.

ఇట్లు,
విదేశీ భాషలు బోధించే కొందరు అధ్యాపకులు