సర్వీస్ అంటే ఏ సర్వీస్?

సంపాదకులకు,

హోటళ్లలో సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదని పోయిన వారం జిల్లా పేజీలో వేశారు. మంచి పని. కానీ అది చదివి మా వీధిలో చాలామంది ఇక హోటల్లో జీఎస్టీ కట్టక్కర్లేదనుకున్నారు. వాళ్లను అనడానికి లేదు. 1994 నుంచి 2017 జూన్ దాకా సర్వీస్ ట్యాక్స్ అని ఒకటి ఉండేది. అది జీఎస్టీలో కలిసిపోయినా పేరు జనం నోట్లో మిగిలింది. హోటళ్లవాళ్లు దాన్నే వాడుకుంటున్నారు.

మొన్న బందరు రోడ్డులో ఒక హోటల్లో పిల్లలతో భోంచేశాం. బిల్లులో ఇడ్లీ, దోసెల లెక్క కింద సర్వీస్ చార్జీ 10 శాతం, ఆ కూడిన మొత్తం మీద రెండున్నర, రెండున్నర చొప్పున కేంద్రానికీ రాష్ట్రానికీ జీఎస్టీ. ఆ 10 శాతం ఏమిటని అడిగితే కౌంటర్లో ఆయన "గవర్నమెంటుకి కట్టేదే సార్" అన్నాడు. పచ్చి అబద్ధం. ఆ డబ్బు హోటలుదే. అడక్కుండా బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. అయినా తనిఖీకి వచ్చే నాథుడు లేడు.

అసలు ఈ ఒక్క మాటను ఎన్ని పనులకు వాడుతున్నారో చూడండి. కరెంటు బిల్లు మీద సర్వీస్ నంబరు, స్తంభం నుంచి ఇంటికి సర్వీస్ వైరు, ఆర్టీసీ టికెట్టు మీద మళ్లీ సర్వీస్ నంబరు, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ పక్కన సర్వీస్ రోడ్డు, ఆటోనగర్‌లో బండి సర్వీసు, ఉద్యోగికి సర్వీస్ రిజిస్టరు, ఆదివారం చర్చిలో సర్వీసు. కోర్టు నోటీసు చేతికందినా సర్వీస్ అయిందంటారు. బానిస అనే లాటిన్ మాట నుంచి పుట్టి, ఇంగ్లిషులో మొదట దేవుడి ఆరాధనకు వాడిన మాట ఇది. ఇంగ్లిషు వాళ్లకు పక్కనున్న మాటను బట్టి ఏ అర్థమో తెలిసిపోతుంది, మనకు ఆ పక్క మాట కూడా ఇంగ్లిషే కదా!

ఈమధ్య బిల్లులు కట్టే ఒక కౌంటరు దగ్గర పెద్దావిడ నిలబడి ఉంది. లోపలున్న కుర్రాడు కంప్యూటరు మీంచి తలెత్తకుండా "సర్వీస్ నంబర్ చెప్పమ్మా" అన్నాడు. ఆవిడ "మా ఆయన సర్వీసులో ఉండగానే పోయారు బాబూ" అంది. క్యూలో కొందరు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. బిల్లు ఆవిడ చేతిలోనే ఉంది, ఇలా ఇవ్వమ్మా నేను చూసుకుంటాను అంటే సరిపోయేది. తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం చేసుకున్న రాష్ట్రంలో, కరెంటు కనెక్షన్ నంబరు అని ఆ మామూలు మాట బిల్లు మీద వేయడానికి అధికారులకు ఏం అడ్డం? నోటీసులూ బోర్డులూ రాసేవాళ్లు చదివేవాళ్ల గురించి ఆలోచించడం ఎప్పుడో మానేశారు. వాళ్లు రాసింది రాసినట్టు మీ పత్రికా వేస్తోంది, ఇదీ బాగాలేదు.

దయచేసి ఒక హోటలు బిల్లు బొమ్మ వేసి, ఏ వరుస పన్నో, ఏది హోటలువాళ్లు సొంతానికి వేసుకున్నదో, ఏది తీసేయమని అడగొచ్చో తెలుగులో రాయండి. తీయనంటే ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 పక్కనే పెద్ద అక్షరాల్లో వేయండి.

- ఒక పాఠకుడు, గవర్నరుపేట, విజయవాడ