మూడో సంచిక ఎందుకు రాలేదంటే

చందాదారులందరికీ నమస్కారం.

సంక్రాంతికి మీ చేతిలో ఉండాల్సిన సంచిక ఉగాది దాటినా రాలేదు. పత్రిక ఆగిపోయిందా అని ఫోన్లు చేస్తున్నారు. ఆగలేదు. తప్పు చాలావరకు నాదే.

మనది సగంలో ఆగిన రచనల పత్రిక కదా. కథయినా నాటకమైనా ఎక్కడ ఆగిందో అక్కడిదాకానే అచ్చువేస్తామని మొదట్లోనే గట్టిగా చెప్పాను. తీరా ప్రూఫులు పంపేసరికి రాసినవాళ్లకు టెన్షన్. "పదేళ్లుగా పెట్టెలో ఉందండీ, ఇంకో వారం ఆగితే ముగింపు రాసేస్తాను" అంటారు. మొహమాటానికి పోయి ముగ్గురికి సరేనన్నాను. ఒకాయన నిజంగానే పూర్తిచేసేశారు. కథ బాగుంది కూడా. కానీ మనకిక పనికిరాదు! పదహారు పేజీలు, అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే సరిగ్గా ఒక ఫారం, ఎగిరిపోయింది. మిగతా ఇద్దరూ ఇంకా రాస్తూనే ఉన్నారు.

ఇక విజయవాడలో ప్రెస్సు సంగతి. ఒక నవల "తలుపు తీసి చూస్తే" దగ్గర ఆగుతుంది. చుక్క కూడా ఉండదు. ఆ తర్వాత పేజీ కావాలనే ఖాళీగా వదిలాం. డీటీపీ కుర్రాడు పాపం మూడు చుక్కలు పెట్టి, ఖాళీ పేజీ పొరపాటనుకుని వెనక మ్యాటరంతా ముందుకు జరిపేశాడు. విషయసూచికలో నంబర్లన్నీ తప్పు. రెండు ఫారాలకు ప్లేట్లయ్యాక గానీ నేను చూసుకోలేదు. ఆ ఖర్చు నాదే.

పోయిన ఫారం చోట ఇంకో రచన వేయలేదు. 2025 సెప్టెంబరులో మనం అచ్చుకు వాడే మ్యాప్‌లిథో రకం కాగితం మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. పత్రిక అమ్మకం మీద జీఎస్టీ లేదు కాబట్టి, కాగితానికి మనం కట్టింది తిరిగి రాదు. అందుకే 80 పేజీల సంచిక 64కి తగ్గింది. ఈ ఏడాది చందా మాత్రం పెంచను.

"చేతగాక వదిలేసినవాటికి డబ్బెందుకు కట్టాలి?" అని ఒక చందాదారు అడిగారు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. తిక్కన దాన్ని ముట్టకుండా విరాటపర్వం ఎత్తుకున్నాడు. 14వ శతాబ్దంలో ఎర్రన వచ్చేదాకా ఆ మిగిలిన ముక్క అలాగే ఉంది. అంతమాత్రాన ఎవరూ నన్నయను అటకెక్కించలేదు. మనకొచ్చేవన్నీ ఆ స్థాయివి అనడం లేదు. కొన్ని నిజంగా చేతగాక వదిలేసినవే, నావి రెండు సహా.

వద్దనుకున్నవాళ్లు చెప్పండి, మిగిలిన చందా వాపసు చేస్తాను. సంచిక నెలాఖరుకి పోస్టులో వేస్తాను. ఆ ఇద్దరికీ శనివారం గడువు పెట్టాను. ఆ సాయంత్రానికి పెన్ను ఎక్కడుంటే అక్కడిదాకానే అచ్చు.